హంసలు చూద్దామని పాకాలకు పోతే

ఈ కథంతా మా పాప నోటి వల్ల మొదలైంది, మిగిలింది నా నోటి వల్ల అయింది.

క్రిస్మస్ సెలవులల్ల హైదరాబాద్ నుంచి చుట్టాలొస్తే ఖిలా వరంగల్ చూపియ్యడానికి తీస్కపోయినం. తోరణం ముందట అందరు ఫోటోలు దిగుతున్నరు, మా పాప మాత్రం మెడ పైకెత్తి చూస్కుంట నిలబడ్డది. నాలుగో తరగతి చదువుతది. "మమ్మీ, పైన కొసలకు కూసున్నవి కోళ్లా?" అన్నది. కోళ్లేంది బిడ్డా, హంసలు అన్న. "మరి తోక గట్లెందుకుంది?" నిజంగనే ఆ తోకలు తీగెల్లెక్క మెలికలు తిరిగి ఉంటయి, నేను పుట్టింది పెరిగింది ఇక్కడే, సర్కారు బోర్డుల మీద, బస్సుల మీద, స్కూల్ సర్టిఫికెట్ల మీద ఆ తోరణం బొమ్మ రోజు చూస్త, హంస తోక ఎప్పుడు చూసిన పాపాన పోలే. సరే అదేదో శిల్పి సోకుకు చెక్కిండు అని చెప్పిన. అక్కడ ఆగితే బాగుండు. "నిజం హంసలు ఉంటయా మరి?" అంటే, ఉంటయి, చలికాలంల మన చెరువులకు కూడ వస్తయి అన్న. ఎందుకన్ననో నాకే తెల్వదు, చుట్టాల ముందట తెలివి చూపిద్దామని కావచ్చు.

పిల్లలకు ఒక్కసారి మాటిస్తే ఇగ అంతే. రోజు పొద్దున టిఫిన్ బాక్స్ సర్దుతుంటే "హంసలకు ఎప్పుడు పోతం" అని. స్కూల్ల దోస్తులందరికి చెప్పిందట మేము హంసలు చూడపోతున్నం అని. నేను ఫోన్ల కూసోని వెతుకుడు మొదలుపెట్టిన, అప్పుడు తెలిసింది నేనెంత పెద్ద అబద్ధం ఆడిన్నో. క్యాలెండర్ల మీద సరస్వతి పక్కన తెల్లగ, పొడుగు మెడ వంచి, నారింజ రంగు ముక్కుతోని ఉంటది సూడుండ్రి, అది యూరప్ దిక్కు పిట్ట. మన దేశానికి అటువంటియి ఎప్పుడో ఒకటి అర దారితప్పి కశ్మీర్, హిమాచల్ దిక్కు వస్తే అది పేపర్ల వార్త అయితది. తెలంగాణకు రావు. ఆంధ్రకు రావు. రావంటే రావు. పాపకు అక్షరాభ్యాసం బాసరల చేయించినప్పుడు గుడి బయట కొన్న సరస్వతి పటం మా దేవుడర్రల ఇప్పటికీ ఉంది, దాని దిక్కు చూడబుద్ధి కాలే ఆ రోజు.

కని ఇంకో పిట్ట దొరికింది. ఇంగ్లీషుల బార్ హెడెడ్ గూస్ అంటరు. బూడిద రంగు ఒళ్లు, తెల్ల తలకాయ, తలకాయ ఎనక అడ్డంగ రెండు నల్ల గీతలు. ఎండకాలం మొత్తం మంగోలియా, టిబెట్, మన లద్దాఖ్ సరస్సుల దగ్గర ఉండి గుడ్లు పెట్టి పిల్లల్ని సాదుకుంటది, అక్కడ గడ్డకట్టే చలి మొదలు కాంగనే హిమాలయాలు దాటి మన దిక్కు వచ్చి చెరువుల మీద పడతది, మార్చి వరకు ఉండి మళ్ల పోతది. మంజీరా దిక్కు వస్తయి, కర్ణాటక చెరువులల్ల అయితే వేలల్ల దిగుతయి. ఇదంతా ఒక ఎత్తు, దాని సైన్సు పేరు చదివినంక నేను కుర్చీల నిటారుగ కూసున్న. అన్సర్ ఇండికస్. అన్సర్ అంటే లాటిన్ల బాతు, గూస్. ఆ అన్సర్, మన సంస్కృతం హంస, జర్మన్ వాళ్ల గాన్స్, ఇంగ్లీష్ గూస్, అన్నీ ఒక్క వేరు నుంచి పుట్టిన మాటలేనట. అంటే వేల ఏండ్ల కింద ఎవలో ఒకలు ఈ పిట్టను చూపించి అన్న మాటే మన దగ్గర హంస అయింది, అక్కడ గూస్ అయింది. మానససరోవరం దిక్కు నుంచి వచ్చేది, హిమాలయాలు దాటేది, మళ్ల అటే పోయేది, మన కావ్యాలల్ల హంస చేసే పనులన్నీ చేసేది ఇదే కదా. మన పాత కవుల హంస ఈ బాతే అని చెప్పే పండితులు ఉన్నరు. తెల్లది కాదని వాదించేటోళ్లు కూడ ఉన్నరనుకో. నాకైతే నా అబద్ధం సగం నిజమైందని పాణం లేచొచ్చింది.

అమ్మకు చెప్తే నవ్వింది. "హంస అంటే పాలు నీళ్లు వేరు చేస్తది, నీ బూడిద బాతు ఏం చేస్తదే?" అన్నది.

సంక్రాంతి అయినంక వచ్చిన ఆదివారం ఖాయం చేసినం. ముందు రామప్ప చెరువు అనుకున్నం, కని ఇది మేడారం జాతర ఏడు, జాతరకు ఇంకా దినాలున్నా ముందుగాల్నే మొక్కులు తీర్చుకునేటోళ్లతోని ములుగు రోడ్డు అప్పటికే నిండిపోయింది, బెల్లం బుట్టలు, కోళ్లు, ట్రాక్టర్లు. తమ్ముడు "అక్కా నేను ఆ రోడ్డుకు రాను, కావాల్నంటే నర్సంపేట దిక్కు పోదాం, పాకాల చూపిస్త" అన్నడు. కారు ఆయనది కాబట్టి ఆయన చెప్పిందే. పాకాల అంటే అమ్మకు కూడ ఇష్టమే, ఆమె అక్క, అంటే మా పెద్దమ్మ, ఆ దిక్కే ఒక పల్లెల ఉంటది, ఆమెను చూసినట్టు ఉంటది అని.

పొద్దున అయిదుకు బయల్దేరినం. బయట ఏం కనిపిస్తలేదు, పొగమంచు రోడ్డు మీదికి దిగి కూసున్నది. అమ్మ మఫ్లర్, శాలువ, దాని మీద ఇంకో శాలువ. పాప స్వెటర్ మీద బైనాక్యులర్ వేలాడేసుకున్నది, అది మా ఆయన ఎప్పుడో క్రికెట్ మ్యాచ్ కోసం కొన్నది, ఒక కన్ను సరిగ్గ పడది, రెండో కన్ను మూసుకుంటే మంచిగనే పడతది. ఆయన రాలే, డ్యూటీ. గీసుగొండ దాటినం, గిర్నిబావి కాడికి వచ్చేసరికి బండి ఒక పక్కకు గుంజుడు మొదలైంది. పంచర్. ఆ చీకట్ల, ఆ చలిల తమ్ముడు జాకీ ఏస్తుంటే నేను ఫోన్ లైట్ పట్టుకున్న, వాని చేతులు చలికి పట్టుతలేవు, రెండుసార్లు నట్టు కింద పడి మట్టిల కలిసింది, వాడు నన్ను, నా హంసల్ని కలిపి ఏమేమో అన్నడు, పాప ముందట రాయలేను. పక్కన హోటల్ తీస్తున్నడు ఒకాయన, ఆయన పెట్టిన చాయ్ మాత్రం, అల్లం దంచి ఏసిన చాయ్, ఆ రోజు మొత్తంల మొదటి మంచి పని.

తెల్లారినంక రోడ్డుకు రెండు పక్కల మిర్చి. ఇది మిర్చి దేశం కదా, పత్తి అయిపోవచ్చింది, మిర్చి మాత్రం ఏరుతున్నరు, ఏరింది కల్లాలల్ల ఆరబోసిన్రు, ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు. కారు అద్దం దించితే ముక్కుల ఘాటు. చపాటా మిర్చి అని లావుగ, గుండ్రంగ ఉంటది, టమాట మిర్చి అని కూడ అంటరు, రంగెక్కువ కారం తక్కువ, దానికి పోయినేడు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ జాగ పంటే అని సర్కారు ముద్ర, వచ్చింది. తమ్ముడు దాని రేటు గురించి అమ్మతోని మాట్లాడుకుంట నర్సంపేట దాటిచ్చిండు, ఖానాపురం దాటినం, అశోక్‌నగర్ దాటినంక అడివి మొదలైంది. టేకు చెట్లు ఆకులు రాల్చుకుంటున్నయి.

పాకాల చూడనోళ్ల కోసం ఒక్క ముచ్చట. ఇది కాకతీయుల చెరువు, గణపతిదేవుని కాలంల జగదాల ముమ్మడి అనే ఆయన కట్టించిండు, కట్ట మీద శాసనం దొరికింది. చెరువు అంటం గని కట్ట మీద నిలబడితే సముద్రం లెక్కనే, అవతలి ఒడ్డున గుట్టలు పొగల్లెక్క కనిపిస్తయి. గుట్టల మధ్య వాగుకు అడ్డం ఒక కట్ట పోసిన్రు, అంతే, మిగిలిన మూడు దిక్కుల గుట్టలే గోడలు. ఎనిమిది వందల ఏండ్లు అయింది, ఇప్పటికీ ఆ నీళ్లతోనే వరి పండుతది. కింద కృష్ణల కలిసే మున్నేరు పుట్టేది ఇక్కడ్నుంచే. మా కాలనీల అయిదేండ్ల కింద పోసిన సీసీ రోడ్డు రెండుసార్లు తవ్విన్రు, అది వేరే సంగతి.

మేము పోయే వరకు మంచు నీళ్ల మీద నుంచి లేస్తున్నది. బైనాక్యులర్ పాప దగ్గర్నుంచి గుంజుకోని చూసిన. నీళ్లు. ఇంక నీళ్లు. దూరంగ నల్ల చుక్కలు. నీటికాకులు మోడు చెట్టు మీద రెక్కలు ఆరబెట్టుకోని కూసున్నయి, కట్ట కింద తూము కాడ తెల్ల కొంగలు, ఒక లకుముకి పిట్ట కరెంట్ తీగె మీద నుంచి నీళ్లల్లకు రాయి ఏసినట్టు పడ్డది, చేప దొరకలే, మళ్ల పోయి అదే తీగె మీద కూసున్నది. బొల్లికోళ్లు ఒక ఇరవై ముప్పై, నల్లగ, ముఖాన తెల్లబొట్టు పెట్టుకోని. పాప ప్రతి దానికి "ఇదా?" "ఇదా?" అని. కాదు బిడ్డా. కాదు.

కట్ట మీద ఒకాయన వల సర్దుకుంటున్నడు. కాకా, బాతులు రాలేవా ఈసారి అని అడిగితే, నవ్వి, "నీళ్లెక్కువైనయి బిడ్డా, మొన్న తుఫానుకు నిండింది సూడు, ఇంత లోతుల బాతుకేం పని" అన్నడు. ఆయన చెప్పినంక నాకు బుర్రకెక్కింది. అక్టోబర్ చివర్ల మొంథా తుఫాను వచ్చినప్పుడు హన్మకొండల మా గల్లీల మోకాల్లోతు నీళ్లు నిలిచినయి, ఆ వానకు ఇక్కడ చెరువు అంచుల దాక నిండింది. బాతులల్ల చాలా రకాలు మునగవు, తలకాయ కిందికి పెట్టి తోక పైకి లేపి ఎంత లోతు అందితే అంతనే తింటయి. వాటికి కావాల్సింది చిత్తడి, బురద, మోకాల్లోతు నీళ్లు. చెరువు ఎంత నిండితే మనకు అంత సంబరం, బాతుకు అంత కష్టం. "చిన్న కుంటలల్ల చూడుండ్రి, ఎండుతున్నయి అవి, పిట్టలన్నీ ఆడనే" అని చెప్పి ఆయన తెప్ప దిక్కు పోయిండు.

ఇగ తిందామని చెట్టు కింద చాప పరిచినం. పండుగకు అమ్మ చేసిన సకినాలు, ఒక పెద్ద స్టీల్ డబ్బ నిండ. మీకు తెలుసు కదా సకినాలు చేసుడంటే ఎంత పనో, బియ్యం నానబెట్టాలె, దంచాలె, నువ్వులు వాము కలపాలె, బట్ట మీద ఒక్కొక్కటి చేత్తోని చుట్టాలె, అమ్మకు నడుము నొప్పి ఉన్నా ఎవ్వర్ని ముట్టనియ్యది. డబ్బ మూత తీసి పక్కన పెట్టిన, పచ్చడి సీస కోసం సంచిల చెయ్యి పెట్టిన, గంతే. పైన కొమ్మ మీది కోతి ఎప్పుడు దిగిందో. ఒకటి డబ్బ ఎత్తుకపోయింది, రెండోది పాప టోపీ గుంజింది. డబ్బ చెట్టు మీదికి పోయినంక బోర్లించింది, సకినాలు వానలెక్క కింద పడ్డయి, కిందున్న కోతులన్నీ రెండు చేతుల్ల రెండు సకినాలు పట్టుకోని చక్రాల్లెక్క తిప్పుకుంట తినుడు. అమ్మ అరుస్తలేదు, తిడుతలేదు. కాసేపు చూసి, "నువ్వులు ఎక్కువ పడ్డయనుకున్న, వాటికి నచ్చినయి తియ్" అన్నది. డబ్బ మాత్రం ఇప్పటికీ ఆ చెట్టు మీదనే ఉంది.

పదకొండు అయింది. హంసలు లేవు, సకినాలు లేవు. పాప మొఖం మాడ్చుకున్నది. కారుల కూసోని "మమ్మీ నువ్వు అబద్ధం చెప్పినవ్" అన్నది, చాలా మెల్లగ, అందుకే ఎక్కువ తగిలింది. అప్పుడు ఇగ నేను చదివినదంతా ఆమెకు చెప్పుకుంట వచ్చిన, ఊకోబెట్టడానికే గని చెప్తుంటే నాకే ఊపొచ్చింది. ఆ పిట్ట రెండు మూడు కిలోలు ఉంటది, మన ఇంట్ల బియ్యం డబ్బ అంత బరువు కూడ లేదు, అది హిమాలయాలు దాటుతది. ఎవరెస్ట్ మీదికెళ్లి ఎగురుతది అని అందరు రాస్తరు గని, పిట్టలకు చిన్న మిషన్లు కట్టి కొలిచినోళ్లకు దొరికిన ఎత్తు 7,290 మీటర్లు, ఎవరెస్ట్ 8,849. అయినా తక్కువా అది? అంత ఎత్తున గాలి పలచబడి మనిషికి నాలుగు అడుగులేస్తే ఆయాసం వస్తది, ఈ పిట్ట అక్కడ రెక్కలు ఆడిస్తది. గాలి మీద తేలుకుంట పోయే రకం కాదు, దారి పొడుగునా కొట్టుకుంటనే ఉంటది. దాని నెత్తురు గాలిల ఉన్న కొంచెం ఆక్సిజన్‌నే మైదానంల ఉండే దాని చుట్టాల కంటే గట్టిగ పట్టుకుంటది. ఇంకొకటి, నాకు బాగ నచ్చింది ఇదే, అది ఒక్కసారే పైకెక్కి అట్లనే సాగదు, కొండ ఎక్కితే తను ఎక్కుతది, లోయ వస్తే తను కూడ దిగుతది, మళ్ల ఎక్కుతది. పైన పలచటి గాలిల ఎగురుడు కంటే దిగి మళ్ల ఎక్కుడే తక్కువ కష్టమట. రాత్రి, తెల్లారుజామున ఎక్కువ ఎగురుతది, అప్పుడు గాలి చల్లగ, చిక్కగ ఉంటది కాబట్టి.

"మంగోలియాల కొన్నింటి మెడకు నంబరున్న పట్టీ కడతరు, ఆ పట్టీలున్న పిట్టలు కర్ణాటకల కనిపించినయి" అని చెప్పిన. పాప చప్పుడు చెయ్యకుంట విన్నది. తర్వాత అడిగింది, "మరి పాలు నీళ్లు వేరు చేస్తదా?"

ముందు సీట్ల నుంచి అమ్మ, "అదే నేను గూడ అడిగిన."

తమ్ముడు అందుకున్నడు. "ఒక పిట్టను పట్టుకపోదామా అక్కా, మన గల్లీ పాలాయన క్యాన్ ముందట నిలబెడదాం. ఒక్క రోజుల దుకాణం బంద్ పెడతడు." అందరం నవ్వినం, పాప కూడ.

పెద్దమ్మ ఇంటికి పోయేసరికి పన్నెండున్నర. ఊరి పేరు రాయను, ఎందుకో కింద చెప్త. ఆమెకు ముందు చెప్పకుంట పోయినం, అయినా గంటన్నరల నాటుకోడి కూర, జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఎట్ల చేస్తరో ఈ పెద్దోళ్లు. కోడి వాకిట్ల తిరుగుతుంటే చూసిన, కూరల మళ్ల కలిసిన. పాప ఆ సంగతి గమనించలే, దేవుని దయ.

తిన్నంక మంచం మీద కూసోని అమ్మ పొద్దుటి కథంత చెప్పింది, పంచర్, కోతులు, హంసలు. పెద్దమ్మ ఆకు వక్క నములుకుంట వింటున్నది. "ఏం పిట్టనే అది?" అన్నది. ఫోన్ల ఫోటో చూపిచ్చిన. ఆమె అద్దాలు పెట్టుకోని, ఫోన్ దూరం పెట్టి, దగ్గర పెట్టి, "గివ్వా?" అన్నది. "గివి మా కుంటల ఉంటయి గదనే. చలికాలం బాతులు. వీటి కోసం పాకాల పోయిన్రా?"

నేను తమ్ముని మొఖం చూసిన, తమ్ముడు నా మొఖం చూసిండు. పంచర్ గుర్తొచ్చినట్టుంది వానికి.

నాలుగు దాటినంక, ఎండ వాలినంక పోవాలె అన్నది పెద్దమ్మ. పగలు ఎక్కడెక్కడో పడి ఉంటయట, పొద్దు వాలేటప్పుడు పొలాలల్లకు దిగుతయట. కుంట ఊరికి ఎనక, ఆమె ఇంటికెల్లి నడిస్తే పది నిమిషాలు. పాకాల అంత అందం ఏం లేదు. ఒక పక్క తుమ్మలు, ఇంకో పక్క బర్రెలు నీళ్లల్ల పండుకోని ముక్కులు మాత్రం బయట పెట్టినయి, గట్టు మీద ఎవలదో పాత చీర ఆరేసి ఉంది. సగం ఎండిపోయింది, ఎండిన కాడ బురద పగుళ్లు, పగుళ్లల్ల గడ్డి. కుంట కింద యాసంగి నార్లు పోసిన మడులు పచ్చగ, ఇంత పచ్చదనం పొద్దున్నుంచి ఎక్కడా చూడలే.

ముందు పాపకే కనిపించినయి. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

పదకొండు. లెక్కపెట్టినం, మళ్ల లెక్కపెట్టినం. నారుమడి పక్కన గడ్డిల, మాకు ఒక వంద అడుగుల దూరంల. బర్రెలు కాసే పోరగాడు పక్కనుంచే పోతున్నా వాటికి పట్టింపు లేదు, మేము ఇంకో రెండు అడుగులేస్తే మాత్రం మెడలు లేచినయి, అందుకే గట్టు చాటుకు కూసున్నం. బైనాక్యులర్ ఒక కన్నుకు పెట్టుకోని ఒక్కొక్కళ్లం వంతులేసుకోని చూసినం. దగ్గరికి గుంజి చూస్తే ఎంత అందమో ఆ తల. తెల్లటి తలకాయ ఎనక ఒక నల్ల గీత ఈ కంటి నుంచి ఆ కంటికి దండ ఏసినట్టు, దాని కింద ఇంకో చిన్న గీత, అడ్డ నామాల లెక్క. తలకాయ నుంచి తెల్ల చార మెడ పొడుగునా కిందికి జారి బూడిద రంగుల కలుస్తది. నారింజ రంగు కాళ్లకు ఎండిన బురద పట్టి పగిలింది, గాజులు తొడిగినట్టు. గడ్డి తినే తీరు కూడ చూడాలె, కోడి లెక్క పొడవదు, ముక్కుతోని గడ్డిని పట్టుకోని పక్కకు ఒక్క గుంజు గుంజుతది, పుటుక్కుమని తెంపుతది, రెండడుగులేస్తది, మళ్ల గుంజుతది. పది తలకాయలు కిందికే ఉంటయి. ఒక్కటి మాత్రం తినది. మెడ నిలువుగ కట్టెలెక్క పెట్టి నలుదిక్కుల చూస్తది. కొంతసేపటికి అది వంగుతది, ఇంకొకటి మెడ లేపుతది. ఎవరూ చెప్పకుంటనే డ్యూటీ మారుతున్నరు.

"మెడకు పట్టీ లేదు ఒక్కదానికి కూడ" అన్నది పాప, పదకొండు మెడలు చూసినంక. తర్వాత "తెల్లగ లేవు కదా" అన్నది. నేను ఏదో చెప్పబోయిన, అంతల ఆమెనే "తోరణం మీదివి గూడ తెల్లగ లేవు" అన్నది. అవి నల్ల రాయి కదా. నేనింక ఏం మాట్లాడలే.

అమ్మ బైనాక్యులర్ తీసుకోలే, ఉత్త కండ్లతోనే చూసింది, చేతులు శాలువల పెట్టుకోని. చిన్నప్పుడు వాళ్ల నాయిన ఎంబడి పొలం పోయినప్పుడు ఇవి చూసిన, గని బాతులే అనుకున్న అన్నది. "నడక మంచిగనే ఉంది" అని ఇంకో మాట. హంస నడక అంటరు కదా, ఆమె ఆ మాట వాడలే, గని అదే చూస్తున్నదని నాకనిపించింది. నిజం చెప్తున్న, బాతులు గంటలు కట్టినట్టు అటు ఇటు ఊగుకుంట నడుస్తయి, ఇవి అట్ల ఊగవు, కాళ్లు పొట్ట మధ్యల ఉంటయి కాబట్టి నిటారుగ, తొందర లేకుంట నడుస్తయి.

ఇంతల డబడబ చప్పుడు. పొలం ఆయన, ఖాళీ నూనె డబ్బ కట్టెతోని కొట్టుకుంట అటు గట్టు మీదికెళ్లి వస్తున్నడు. పదకొండు మెడలు ఒక్కసారి లేచినయి. కొన్ని అడుగులు ఉరికి, రెక్కలు విప్పి, ఆంక్ ఆంక్ అని ముక్కుతోని మాట్లాడుకుంట లేచి మా నెత్తి మీదికెళ్లే పోయినయి. రెక్కల చప్పుడు ఎంత దగ్గర విన్ననో, తడి బట్ట దులిపినట్టు. కుంట అవతల దిగినయి.

నాకు కోపమొచ్చింది ముందు. దగ్గరికి వచ్చినంక ఆయనే నవ్వి, "ఏం చెయ్యాలె చెల్లె, నారు పీక్కతింటయి. రాత్రిపూట గూడ దిగుతయి, నేను ఈన్నే పండుకుంటున్న" అన్నడు. మడి చూపిచ్చిండు, ఒక మూలకు మంచం అంత జాగ మొత్తం తొక్కి, తిని, బురద చేసినయి. నారు పోతే మళ్ల విత్తనం, మళ్ల ఇరవై అయిదు దినాలు. "కొట్టను, గని కొడతనని భయపెడత" అన్నడు. వాళ్ల తాత కాలం నుంచి వస్తున్నయట, ఈ కుంటకే. పాప ఆయనకు అవి హిమాలయాలు దాటి వస్తయని చెప్పింది, 7,290 మీటర్లు అని అంకెతో సహా. ఆయన డబ్బ కింద పెట్టి విన్నడు. "అంత దూరంకెల్లి వచ్చి నా మడే దొరికిందా" అన్నడు.

ఊరి పేరు ఎందుకు రాస్తలేనంటే ఇందుకే. రాస్తే వచ్చే ఆదివారానికి డ్రోన్లు, రీల్స్, చిప్స్ పాకెట్లు. ఇప్పుడు వాటికి ఆ ఒక్క నూనె డబ్బ చాలు. మీ అమ్మమ్మ ఊర్లనో, మీ పెద్దమ్మ ఊర్లనో కుంట ఉంటది కదా, సగం ఎండింది, దాని కింద నారుమడి ఉంది అంటే సాయంత్రం నాలుగున్నరకు ఒక్కసారి పోయి చూడుండ్రి, మార్చి లోపు. తలకాయ ఎనక గీతలు గుర్తు పెట్టుకుంటే చాలు.

చీకటి పడ్డంక బయల్దేరినం. పాప కారెక్కంగనే పండుకున్నది. గిర్నిబావి వచ్చినంక తమ్ముడు బండి ఆపి, దిగి, నాలుగు టైర్లు తన్ని చూసి, మళ్ల అల్లం చాయ్ తాగి ఎక్కిండు. ఇంటికొచ్చి సంచులు సర్దుతుంటే తెలిసింది, బైనాక్యులర్ పెద్దమ్మ ఇంట్ల మంచం మీద మర్చిపోయొచ్చిన. ఫోన్ చేసి చెప్తే దాస్త తియ్ అన్నది.

నిన్న మబ్బుల, ఆరు కూడ కాలే, ఫోన్ మోగింది. పెద్దమ్మ. ఇంత పొద్దున ఏందో అని భయపడుకుంట ఎత్తిన. గాలి చప్పుడు వస్తున్నది ఫోన్ల, ఆమె బయట ఎక్కడో ఉంది.

"ఏమే, గీ అద్దాల్ల ఒక దిక్కే కనపడతది ఏందే?" అన్నది. రెండో కన్ను మూసుకో పెద్దమ్మా అన్న. కొంచెంసేపు ఏం మాట్లాడలే, ఊపిరి వినపడుతున్నది.

"పద్నాలుగు ఉన్నయే ఇయ్యాల" అన్నది.